పది జవాబులు, పదకొండు మంది

మూడు గంటలకు ఆ గాజు గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేసరికి నా చేతిలో ఉన్నవి ఇవి: పదకొండు మంది మనుషులు, పది జవాబులు, మూడు ఖాళీ గళ్లు, ఒక గంట. గళ్లలో పేర్లు నింపాలి. నాలుగు కాగానే ఫారం దానంతటదే మూసుకుంటుంది. రేపు పొద్దున ఆ ముగ్గురూ గేటు దగ్గర కార్డు పెడితే పచ్చ దీపం బదులు ఎర్ర దీపం వెలుగుతుంది, కార్డుకేమో అయిందనుకుని చొక్కాకి తుడిచి మళ్లీ పెడతారు, అందరూ అలాగే తుడుస్తారు, పోయినసారి ఒకాయన నాలుగుసార్లు తుడిచి, వెనక నిలబడ్డవాళ్లకి క్షమాపణ చెప్పి పక్కకి జరిగాడు, ఆ జరగడంలోనే ఆయన ఉద్యోగం పోయింది, ఆ సంగతి ఆయనకి ఇంకో పావుగంటకి గానీ తెలియలేదు. చెప్పకుండా తీసేయడమే మంచిదని మా ఆఫీసు పెద్దాయన అంటాడు. చెబితే ఏడుస్తారు, ఏడిస్తే చుట్టూ ఉన్న పదిమంది పని ఆగుతుంది. నేను కాదనలేదు. అందులో నాకు కనిపించింది పొదుపే.

బేరమాడకుండా ఒప్పుకున్నానని ఎవరైనా అంటే అది అన్యాయం. రెండు పేర్లతో సరిపెట్టమని పొద్దున్నే హెచ్ఆర్ మేడమ్‌ని అడిగాను. ఇద్దరిని ఇప్పుడిస్తాను, మూడో మనిషిని మూడు నెలలాగి ఇస్తాను అన్నాను. ఆవిడ నవ్వి, "ఇదేమన్నా కూరగాయల బేరమా అండీ? మూడంటే మూడే," అంది. పెద్దాయన దగ్గరికి వెళ్తే ఆయన తలెత్తకుండానే, "మూడు ఇవ్వకపోతే నాలుగో పేరు నేను రాస్తాను, అది ఎవరిదో నీకు తెలుసు," అన్నాడు. తెలుసు. నాదే. మనిషి విలువ ఎవరి చేతిలో ఉందో తెలిశాక బేరం ముగించి చేయి దులుపుకోవాలి, మా నాన్న ఇనుప సామాన్ల కొట్లో ఇరవై ఏళ్లు కూర్చుని నేను నేర్చుకున్న మొదటి విద్య అదే. రెండోది, తేడా చెప్పడం. మేకుల డబ్బాలో చేయి పెట్టి, చూడకుండా, ఇది రెండంగుళాలు, ఇది రెండున్నర అని చెప్పేవాణ్ని. ముప్పై ఒకటో ఏట కొట్టు వదిలేసి ఈ కంపెనీలో అందరికన్నా కింది కుర్చీలో చేరినప్పుడు ఆ విద్య ఒక్కటే వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ మేకులు లేవు, మనుషులున్నారు. వాళ్లూ చేతికి తెలుస్తారు.

మార్కులు చూసి తీసేయొచ్చు కదా అంటే, ఆ దారి నేనే మూసుకున్నాను. ఏడాదికోసారి ఒక్కొక్కరికి మార్కులు వేయాలి. సరుకంతటికీ ఒకే ధర కడితే కొనేవాడు ఎంచలేడు, అమ్మేవాడికి తలనొప్పి ఉండదని, మూడేళ్లుగా పదకొండు మందికీ ఒకే అంకె వేస్తూ వచ్చాను. మంచివాడన్నారు. ఇప్పుడు ఆ మంచితనం తెర మీద నిలువుగా పేర్చినట్టు ఉంది, పదకొండు మూడులు, పైనుంచి కిందకి, ఒకదాని మీద ఇంకోటి. అందుకే సర్వే తెరిచాను. రెండే ప్రశ్నలు. ఈ కంపెనీలో పనిచేయడంలో మీకు నచ్చేవి ఏవి? నచ్చనివి ఏవి? పేర్లుండవు, నిర్భయంగా రాయండి అని పైన లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. అది నిజమే, పేర్లుండవు. పేరు లేనంత మాత్రాన మనిషి లేకుండా పోతాడా, ఏ జవాబు కిందైనా ఆ మనిషి కుర్చీ కిర్రుమంటూనే ఉంటుంది. ప్రతి ఏడూ జవాబులు నా దగ్గరికి రాగానే సరదాకి ఒక్కొక్కదానికి ఒక్కొక్కరిని తగిలిస్తాను. ఎప్పుడూ తప్పు పోలేదు. ఈసారి సరదాకి కాదు.

మొదటిది సులువు. నచ్చేవి: మీటింగులు, ఎందుకంటే ఆ సమయంలో మా అత్తగారు ఫోన్ చేయరు. నచ్చనివి: మీటింగులు అయిపోవడం. పెళ్లయి ఆరు నెలలు కాని పిల్ల ఒక్కతే ఉంది మా దగ్గర. నవ్వొచ్చింది, పక్కన పెట్టాను, నవ్వించేవాళ్లు నిలవ ఉండాలి. రెండోది, నచ్చేవి కాఫీ, నచ్చనివి ఆ కాఫీ యంత్రం దగ్గర పెద్దాయన ఎదురుపడి ఏం చేస్తున్నావు అని అడగడం. ఇది ఎవరైనా రాయొచ్చు, నేనైనా రాయొచ్చు. మూడోది దగ్గర ఆగాను. నచ్చేవి: ఇక్కడ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిపేయొచ్చు. నచ్చనివి: అలా గడిచిపోయిందని ఇంటికెళ్లాక తెలియడం. కిటికీ పక్కన కూర్చునేవాడు. మ్యూట్ అంటాం. పొద్దున నిలబడి చేసే మీటింగులో తన వంతు రాగానే చేయి ఎత్తి, అంతా బాగానే ఉందన్నట్టు తలూపి దించేస్తాడు. వాడికి పెళ్లయిందో లేదో ఎవరికీ తెలియదు, అడగలేదు, అడిగినా చేయి ఎత్తి దించేవాడేమో. వాడు వెళ్లిపోతే ఆ కిటికీ పక్కన కాస్త వెలుగు పెరుగుతుంది తప్ప చప్పుడు తగ్గదు, ఎందుకంటే ముందే లేదు. మొదటి గడిలో వాడి పేరు రాశాను. మూడూ పది. ఆకలేసింది.

గాజులోంచి హాలంతా కనిపిస్తోంది. మెడలో పట్టీలు, చెవుల్లో తీగలు, ప్రతి పేరు పక్కన ఒక పచ్చ చుక్క, మనిషి కుర్చీలో ఉన్నాడని చెప్పే చుక్క. నీళ్లు తాగడానికి లేచినా అది పసుపు రంగులోకి మారుతుంది. ఎవరో రాశారు, నాలుగో జవాబో అయిదో: మూత్రానికి వెళ్లొచ్చేలోపు నా చుక్క రంగు మారుతుంది, ఆ విషయం ఇంకో దేశంలో ఉన్న క్లయింటుకి కూడా తెలుస్తుంది, ఇది నచ్చదు. నచ్చేది: జీతం ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు. ఇంకొకరు: ఇది ఒక కుటుంబం అంటారు, అది నచ్చదు, మా ఇంట్లో ఎవర్నీ జాబితా రాసి బయటికి పంపరు. తెలివైనది, జాబితా సంగతి దీనికి ముందే ఎలా తెలుసో, వంటింటి పొగలా ఇలాంటివి తలుపులు మూసినా వచ్చేస్తాయి. ఏడోది బాబాయిది. చదవకముందే తెలిసింది, ఎందుకంటే మొదలే కుర్చీతో మొదలైంది. నచ్చేవి: నా కుర్చీ, ఇంట్లో నాదంటూ ఒకటి లేదు. నచ్చనివి: నన్ను బాబాయి అని పిలవడం, వీళ్ల కన్నా నాకు పదకొండేళ్లే ఎక్కువ, ఆ పిలుపు మొదలైన దగ్గర్నుంచి కొత్త పని ఎవరూ ఇవ్వడం లేదు. నేను వెనక్కి వాలాను. ఆ పేరు పెట్టింది నేనే. ఏదో పుట్టినరోజు కేకు కోస్తుంటే, జుట్టుకి రంగేసుకొచ్చాడని, బాబాయ్ కుర్రాడైపోయాడోయ్ అన్నాను, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, ఆ నవ్వే ఆయన చేసిన పొరపాటు. మర్నాటి నుంచి అదే పేరు. పేరుకి తగ్గట్టు పాత ప్రోగ్రాములన్నీ ఆయనకే తోశాను, పాతవి ఒక్కొక్కటే మూతబడ్డాయి, ఇప్పుడు ఆయన చేతిలో పని లేదు. పని లేని మనిషి. రెండో గడి. నేనే పాతవాణ్ని చేసి, పాతబడ్డాడని నేనే తీసేస్తున్నానని మనసులో ఎవరో గొణిగారు. కొట్లో తుప్పు పట్టిన గొళ్లేలు కూడా నేను తడవనిచ్చినవే, వాటిని తూకానికి అమ్మేటప్పుడు ఎవరూ గొణగలేదు.

మూడూ ఇరవై ఎనిమిదికి నా భార్య ఫోన్. "వచ్చేటప్పుడు మందుల షాపు దగ్గర ఆగండి, పిల్లకి దగ్గు తగ్గలేదు," అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేయలేదు. ఏం అడగబోతోందో తెలుసు. "మావాడి పేరు లేదుగా?"

"ఇంకా ఒకటి మిగిలింది."

"మిగిలితే? పదకొండు మందిలో వాడే దొరికాడా మీకు? వాడి పేరు రాసి ఇంటికొచ్చారో, ఆ మందులు మీరే తాగాలి," అని పెట్టేసింది. ఆవిడ తమ్ముడు నా టీములోనే ఉన్నాడు, నేనే తెచ్చాను, నేనే కూర్చోబెట్టాను. ఇక్కడ అందరి ముందూ సార్ అంటాడు, అనేటప్పుడు పెదవి ఒక పక్కకి లాగుతాడు, ఇంట్లో బావా అంటాడు, అప్పుడూ లాగుతాడు. పని చేతకాదని కాదు, చేయడు. ఫారం అంటే వాడికి ఒంట్లో జ్వరం, చదువుకునే రోజుల్లో పరీక్ష దరఖాస్తులు వాళ్లక్క నింపేది, ఇక్కడ చేరేటప్పుడు కాగితాలు నేను నింపాను. పదకొండు మందికి పది జవాబులే వచ్చాయంటే, రానిది వాడిదే. ఈ లెక్క వేయడానికి నాకు అర నిమిషం పట్టలేదు.

కాబట్టి పదో జవాబు మా టీములో అందరికన్నా పాత మనిషిది, మేమంతా అక్క అనే ఆవిడది. మిగతా తొమ్మిదింటికీ తొమ్మిది మందిని తగిలించేశాక ఆవిడ తప్ప ఇంకెవరూ మిగల్లేదు. నచ్చేవి: నెలాఖరు. నచ్చనివి: మా లీడ్. మనిషి ఎదురుగా కూర్చుంటే ముఖం చూడడు, ఎంతకి తేలతాడో చూస్తాడు. భోజనం దగ్గర కూడా అంతే. ఇంకొకరి కష్టం మీద ఎక్కి కూర్చుని, అది తన ఎత్తే అనుకుంటాడు. లీడ్ అంటే నేను. ఒకసారి చదివాను, రెండోసారి కూడా చదివాను, మూడోసారి చదవకుండా తలెత్తి చూశాను. అక్క రెండో వరసలో తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని ఎవరి తప్పో వెతుకుతోంది. ఇరవై ఏళ్లుగా అదే పని, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. కొట్టు వదిలి వచ్చిన నాకు మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆవిడే నేర్పింది, అట్లా నొక్కితే అది చచ్చిపోతుంది, అదేమన్నా తాళం కప్పా అని మొట్టింది కూడా. మేము చేసేది గోదాముల్లో సరుకు ఎంతుందో చెప్పే ప్రోగ్రాం. ఏడేళ్ల కిందట ఒక విడుదల ముందు నేను పరీక్ష నడపకుండానే నడిపానని గుర్తు పెట్టాను, ఆ రోజు నాకు అలసటగా ఉంది, అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. మర్నాడు ఒక పెద్ద గోదాములో ఉన్న సరుకంతా లెక్కలో సున్నాకి కిందకి పోయింది, లారీలు వెనక్కి తిరిగాయి. మీటింగులో పెద్దాయన ఎవరు చూశారిది అని అడిగితే నేను బల్ల అంచు చూశాను. అక్క, "నేనే వదిలేశాను," అంది. బయటికొచ్చాక కాఫీ యంత్రం దగ్గర, నేను అడగకముందే, "నీ పెళ్లానికి నెలలు నిండాయి కదరా. నాకేముంది, ఇంకో రెండేళ్లు ఇదే కుర్చీ, అంతేగా," అంది. రెండేళ్లు కాదు, ఏడేళ్లయింది, ఇంకా అదే కుర్చీ. లీడ్ పదవి ఆ నెలలో ఆవిడకి రావాల్సింది, రెండు నెలల తర్వాత నాకు వచ్చింది. ఆ రోజుల్లో క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం. పదవి వచ్చాక నేను బల్ల మార్చాను.

అందుకే ఆ జవాబు ఆవిడదే. నా మీద అలా రాసే హక్కు ఇంకెవరికుంది? చదువుతుంటే కోపం రాలేదు, ఒక రకమైన తేలిక వచ్చింది, ఆ తేలికే నన్ను ఆశ్చర్యపరిచింది. ఏడేళ్లుగా ఆవిడ ఒక్క మాట అనలేదు, ఆ అనకపోవడం రోజూ రెండో వరసలోంచి నన్ను చూస్తూ ఉండేది, ఇప్పుడు అనేసింది, అంటే ఇక చెల్లు. తిట్టినవాళ్లకి మనం ఏమీ బాకీ ఉండం. పైగా వచ్చే నెల పన్నెండున ఆవిడ మోకాలికి ఆపరేషన్, సెలవు కాగితం మీద పోయిన వారం నేనే సంతకం పెట్టాను, ఆరు వారాలు రాదు, ఆరు వారాలు లేకపోయినా నడిచిపోయే పని ఎప్పటికీ లేకపోయినా నడుస్తుంది. ఆసుపత్రి ఖర్చు కంపెనీ బీమా మీద. కార్డు పోతే బీమా పోతుంది. ఈ మాట వచ్చినప్పుడు నా బుర్ర ఒక్క క్షణం ఆగింది, ఆగి, పక్కనుంచి వెళ్లిపోయింది, దారిలో పడుకున్న కుక్కని తప్పుకుని వెళ్లినట్టు. మూడో గడిలో ఆవిడ పేరు రాశాను. మూడూ నలభై మూడు. పంపించు అనే మీట నీలంగా మారింది.

నొక్కబోతుంటే తలుపు మీద వేలితో కొట్టి, "ఖాళీయేనా?" అంటూ అక్కే లోపలికొచ్చింది. కుడి మోకాలు వంగడం లేదు, కుర్చీ అంచున పక్కగా కూర్చుంది. నా తెర వెనక వైపే ఆవిడకి కనిపిస్తోంది.

"ఆ సర్వే ఉంది చూడు, నచ్చేవి నచ్చనివి. డాక్టర్ల చుట్టూ తిరగడంలో పడి మర్చిపోయా. గడువుందా, అయిపోయిందా?"

"నువ్వు నింపలేదా?"

"నింపితే నింపానంటాను. ఏం, జీతంలో కోస్తారా?"

పదకొండులోంచి పది పోతే ఒకటి. ఆ ఒకటి ఈవిడ. మరి పదోది? తెర మీద అది ఇంకా తెరిచే ఉంది. భోజనం దగ్గర కూడా అంతే. నాతో కూర్చుని భోంచేసేవాళ్లు ఇప్పుడు ఈ ఆఫీసులో ఎవరూ లేరు, ఆదివారాలు మా ఇంట్లో నాకు ఎదురుగా కూర్చునేవాడు ఒకడున్నాడు. ఇంకొకరి కష్టం మీద ఎక్కి కూర్చున్న సంగతి నేను జీవితంలో ఒక్కరికే చెప్పాను, నా భార్యకి. ఆవిడ కడుపులో ఏదీ దాగదు, తమ్ముడి దగ్గర అసలే దాగదు. ఫారం అంటే జ్వరం వచ్చేవాడు నా కోసం కూర్చుని నాలుగు వాక్యాలు నింపాడు. లెక్క తప్పానన్న సిగ్గే ముందొచ్చింది, మనిషిని తప్పుగా రాశానన్నది దాని వెనక నింపాదిగా వచ్చింది.

"ఇంకా పది నిమిషాలుంది," అన్నాను. సర్వే పోయిన శుక్రవారమే మూతబడింది. "నువ్వు చెప్పు అక్కా, నేను కొడతాను." ఒక ఖాళీ పేజీ తెరిచాను. ఎందుకు తెరిచానో అప్పుడు తెలియదు, తర్వాత ఆలోచిస్తే, ఎదుట మనిషి కూర్చుని ఉండగా ఆ నీలం మీట నొక్కలేక, చేతులకి ఏదో ఒక పని ఇవ్వడానికే.

"నచ్చేవి," అంది పైకప్పు చూస్తూ. "పొద్దున అందరికన్నా ముందొచ్చి హాల్లో నడుస్తుంటే లైట్లు ఒక్కో వరసా వాటంతటవే వెలగడం. పెళ్లికూతురు నడిచొస్తున్నట్టుంటుంది. నవ్వకు, కొట్టు. తర్వాత, తప్పు పట్టుకోవడం. ఎక్కడో నక్కి ఉంటుంది, ఎవరి కంటా పడదు, నా కంట పడుతుంది. ఇన్నేళ్లయినా ఆ సరదా తీరలేదు. కొట్టావా?"

"కొట్టాను. నచ్చనివి?"

"ఈ గాజు గదులు. లోపల కూర్చున్నవాడు తన మొహం ఎవరికీ కనపడట్లేదనుకుంటాడు. మూడింటి నుంచి చూస్తున్నా. మ్యూట్ వైపు ఒకసారి చూశావు. బాబాయి వైపు రెండుసార్లు. నా వైపు ఏడుసార్లు. నీ బావమరిది వైపు ఒక్కసారి కూడా చూడలేదు."

నా వేళ్లు ఆగలేదు. చెప్పింది చెప్పినట్టు కొట్టాయి.

"చదువు," అంది. చదివాను. నా గొంతు వార్తలు చదివేవాడి గొంతులా బాగానే ఉంది. ఆవిడ వింటూ తలూపింది, చెప్పినదాంట్లో ఏమీ తప్పిపోలేదని సరిచూసుకునే తలూపు. "పన్నెండో తారీకు ఆపరేషన్," అంది, అడగడం కాదు, బతిమాలడం కాదు, గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పినట్టు. తర్వాత బల్ల మీద చేయి ఆనించి లేచింది. "గడువు దాటిపోకుండా పంపించు. నీకసలే గడువులంటే భయం." తలుపు దగ్గర ఆగి, "అంత భయపడేవాడివి కాదురా, కొట్లోంచి వచ్చిన కొత్తల్లో," అని వెళ్లిపోయింది.

మూడూ యాభై అయిదు. పేరు మార్చడానికి అయిదు నిమిషాలు చాలు, అక్షరాలు చెరిపి అక్షరాలు కొట్టడమే. హాల్లో నా బావమరిది రెండు కాళ్లూ పక్క కుర్చీ మీద పెట్టుకుని ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతున్నాడు. మొదటిసారి వాడి వైపు చూశాను. వాడి పేరు రాస్తే నా భార్య, ఆవిడ ఏడుపు, మందుల సీసా, వాళ్ల పుట్టింటివాళ్లు వరసగా. అది ఒక్కటే అయితే భరించొచ్చు, ఏడుపు ఎంత పెద్దదైనా దానికో అడుగు ఉంటుంది. నన్ను నిలబెట్టింది ఇంకో లెక్క. నేనేమిటో తెలిసినవాళ్లు ఈ హాల్లో ఇద్దరున్నారు, వాడొకడు, ఆవిడొకతె. వాణ్ని ఇక్కడినుంచి తీసేసినా ఆదివారం వచ్చి ఎదురుగా కూర్చుంటాడు, పెదవి లాగుతాడు. వాణ్ని తీసేసినా పోడు. ఆవిడని తీసేస్తే పోతుంది. ఇద్దరిలో పోయేదాన్నే తీసేయాలి, పోనిదాన్ని తీసేయడం వృథా. మూడూ యాభై ఎనిమిదికి నీలం మీట నొక్కాను. అందింది, ధన్యవాదాలు అని వచ్చింది, కింద ఒక నవ్వు ముఖం బొమ్మ.

ఖాళీగా తెరిచిన పేజీ మూయబోతే, దాచమంటారా అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాను.

నాలుగింటికి చూసుకున్నాను. ఈ గంటలో దక్కినవి: ఇంకో ఏడాది నా కుర్చీ. ఆదివారం దాకా ఇంట్లో ప్రశాంతి. రేపు ఎర్ర దీపం చూశాక నేను అడుగుపెడితే గబుక్కున తెరల్లో తలలు దూర్చుకునే ఎనిమిది మంది, మునుపటి పదకొండు మంది కన్నా ఎక్కువ పని చేస్తారు. పోయినవి ముగ్గురు. ఒకడికి గొంతు లేదు, ఒకడికి పని లేదు. మూడో మనిషితో పాటు, ఏడేళ్లుగా రెండో వరసలోంచి నన్ను ఉన్నవాణ్ని ఉన్నట్టు చూస్తున్న రెండు కళ్లు కూడా పోయాయి. వాటిని ఎటు కలపాలా అని కొంచెంసేపు ఆలోచించాను. నష్టంలో కలపలేదు. లాభంలోనే కలిపాను.